ఆ రోజు మస్తాన్ సెలవులో లేడు

పంతొమ్మిదేళ్ళుగా ఒక తేదీని మోస్తున్నాను. ఒక్క రోజు తేడా, అంతే. ఒక కాగితం మీద ఒక రోజు ముందుకు పడిన తేదీ. ఇంత చిన్నదానికి ఇంత బరువా అని మీకు అనిపించవచ్చు. నాకూ మొదట్లో అలాగే అనిపించింది. అనిపించేలా నేనే చేసుకున్నాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకు కూడా. మీరు నన్ను ఎరగరు, నేను మిమ్మల్ని ఎరగను, అందుకే మీతో చెప్పడం కాస్త తేలిక. నా పేరు మాత్రం ఇక్కడ రాయను. రాయాల్సిన చోట రాశాను. ఆ సంగతి చివర్లో చెబుతాను.

ముందు నేనెవరో చెప్పాలి. చెప్పకపోతే నా తప్పేమిటో మీకు అర్థం కాదు. చెబితే గొప్పలు చెప్పుకుంటున్నాడంటారు. అనుకోండి. ఆ గుణం నాకు పుట్టుకతోనే వచ్చింది, ఈ వయసులో పోయేది కాదు.

నేను సైన్యంలో గుమస్తాని. ఇరవై నాలుగేళ్ళు చేసి, హవల్దారుగా రిటైరై, పెనుకొండలో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డాను. ముందు గదిలో ఒక బల్ల, మూడు కుర్చీలు. ఆ గదికి హిందూపురం నుంచి, ధర్మవరం నుంచి, గోరంట్ల నుంచి, రామగిరి నుంచి నాలాంటి మాజీ జవాన్లు ఫైళ్ళు చంకలో పెట్టుకుని వస్తారు. అందరి ఫైళ్ళలోనూ దాదాపు ఒకటే మాట ఉంటుంది. నీకు వైకల్యం ఉన్న మాట నిజమే, కానీ దానికీ సైనిక సేవకూ సంబంధం లేదు, కాబట్టి వైకల్య పెన్షను ఇవ్వలేము. ఆ మాట మీద అప్పీలు రాయడం నా పని. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోను. నాకు కావలసింది వేరే. గెలిచిన మనిషి మళ్ళీ ఆ గదికి వచ్చి, "నువ్వు రాసినందుకే" అనాలి. అది వినడానికి నేను చెవి కోసుకుంటాను.

గెలిచినవి చాలా ఉన్నాయి. రామగిరి ఆయన ఒకడు ఫిరంగి పక్కన పదకొండేళ్ళు నిలబడి రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. చెవుడు పుట్టుకతో వచ్చిందని రాసి కొట్టేశారు. పుట్టుకతోనే చెవుడైతే భర్తీ రోజున పరీక్ష చేసి ఎలా తీసుకున్నారు అని ఒకే ఒక్క ప్రశ్న వేసి, ఒకే ఒక్క పేజీ రాశాను. గెలిచాడు. ధర్మవరంలో ఒకామెకు, మొగుణ్ణి సైనిక ఆస్పత్రికి తీసుకుపోతే, మీకు ఉచిత వైద్యం హక్కు లేదు పొమ్మన్నారు. ఆమె దగ్గర ఉన్న పాత డిశ్చార్జి పుస్తకంలో పదిహేడో పేజీ చూపించి మూడు వాక్యాలు రాశాను. లోపలికి పిలిచారు. వకీళ్ళు కూడా నా కాగితం చూసి, ఇది ఎవరు రాశారని అడుగుతారు. ఒక్క తేదీ తప్పు ఉండదు, ఒక్క కొట్టివేత ఉండదు.

నా బల్ల వెనక గోడ మీద ఒక మెచ్చుకోలు పత్రం వేలాడుతోంది. సర్వీసులో ఉండగా మా దళం కమాండరు ఇచ్చింది. ఆ ఏడాది మా ఆఫీసు నుంచి ఒక్క సవరణ కూడా వెళ్ళలేదని అందులో రాసి ఉంటుంది. అద్దం కట్టించి పెట్టాను. వచ్చినవాళ్ళు ఎదురు కుర్చీలో కూర్చుంటే మొదట కనబడేది అదే. నేనే అలా పెట్టించాను.

ఆ పత్రం నాది కాదు. ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

మస్తాన్‌ది గోరంట్ల పక్క పల్లె. మా దళంలోనే జవాను, నాకంటే తొమ్మిదేళ్ళు చిన్న. అంత దూరాన, మా దళం ఉండే ఆ చలి కొండల్లో, మన మాట మాట్లాడేవాడు దొరికితే ఎంత సంతోషమో మీకు చెప్పక్కర్లేదు. వాడు నన్ను అన్నా అనేవాడు, నేను వాణ్ణి ఏమబ్బా అనేవాణ్ణి. ఆదివారం పూట వాడు రొట్టెలు చేస్తే నేను పప్పు చేసేవాణ్ణి. నా పప్పే బాగుండేది.

సెలవు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. జవాను సెలవు మీద కదిలితే, ఫలానా తేదీ నుంచి ఫలానావాడు సెలవులో ఉన్నాడని గుమస్తా ఒక ఆర్డరు రాస్తాడు, అధికారి సంతకం పెడతాడు, అది రికార్డు ఆఫీసుకు పోతుంది. ఆ మనిషి బతుకంతా ఆ ఆర్డర్ల మీదే నడుస్తుంది. మనిషి గేటు దాటాకే రాయాలని నియమం. కానీ మేముండే చోట నుంచి రైలు స్టేషనుకు లారీ ఎప్పుడో తెల్లవారక ముందే బయలుదేరేది. అప్పుడు సంతకాలకు అధికారి ఎక్కడ దొరుకుతాడు? అందుకని ముందు రోజే రేపటి తేదీ వేసి ఆర్డరు రాసి, సంతకం చేయించి, టపాలో పంపేసేవాళ్ళం. గుమస్తాలందరూ చేసే పనే. జవానుకు మేలు చేస్తున్నామనే చేసేవాళ్ళం. ఒకవేళ లారీ కదలకపోతే, ఆ తేదీ తప్పు, ఈ తేదీ ఒప్పు అని సవరణ రాస్తే సరిపోతుంది. అందరి ఆఫీసుల నుంచీ సవరణలు పోతూనే ఉంటాయి. మా ఆఫీసు నుంచి పోవు. నేను పంపను. అదీ నా పంతం.

మస్తాన్ పెనుకొండ దర్గాలో ఏటా జరిగే బాబయ్య గంధం ఉత్సవానికి సెలవు పెట్టుకున్నాడు. ఏటా పెనుకొండ గంధం చూడకపోతే వాడికి ఏడాది గడిచినట్టు ఉండదు. ముందు రోజే ఆర్డరు రాసి పంపేశాను. ఆ రాత్రే దారిలో కొండ విరిగిపడింది. లారీ లేదు. పైగా రేషను బండి ఒకటి మా వైపు చిక్కుకుపోయింది, దాన్ని దించాలి. సుబేదారు సాబు సెలవు మీద పోవాల్సినవాళ్ళను కూడా రమ్మన్నాడు. మస్తాన్ అప్పటికే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఉన్నాడు. నా ఆఫీసు కిటికీ దగ్గరకు వచ్చి, నా లీవు ఈ పొద్దు నుంచే కదన్నా, నేను దించల్నా అని నవ్వుతా అడిగాడు. పోయి దించబ్బా, రేపు ఆర్డరు మారుస్తాలే అన్నాను. చొక్కా విప్పి కిటికీ చువ్వకు తగిలించి పోయాడు.

గంట కాకముందే పడ్డాడు. పాలపొడి డబ్బాల పెట్టె భుజాన ఉండగా బండి మీద నుంచి కాలు జారింది. వెనక తలుపు అంచు సరిగ్గా నడుముకు తగిలింది. నేను కిటికీలోంచి చూశాను. అవును, చూశాను. వాడు లేచి నిలబడి, ఏమీ కాలేదన్నట్టు చెయ్యి ఊపాడు. దళంలో మందులు ఇచ్చే ఆయన నూనె రాసి, మాత్రలు ఇచ్చాడు. ఆస్పత్రికి పోతే గంధానికి పోలేనని మస్తాన్ రిపోర్టు వద్దని బతిమాలాడు. మరుసటి రోజు దారి తెరిచారు. వాడు చొక్కా తీసుకుని, ఒక పక్కకు ఒరుగుతా లారీ ఎక్కాడు.

వాడు వద్దన్నాడు కాబట్టి రాయలేదు. ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్న మాట అదే. మరి ఆర్డరు మారుస్తానన్నది ఎవరు? దానికి వాడు వద్దనలేదు కదా?

ఊరికి పోయిన వారానికి మస్తాన్ మంచం దిగలేకపోయాడు. ఎడమ కాలు మొద్దుబారింది. బెంగళూరులోని సైనిక ఆస్పత్రికి తీసుకుపోయారు. ఆస్పత్రి నుంచి మా దళానికి ఉత్తరం వచ్చింది. ఫలానా తేదీన బండి దించుతూ పడ్డానని రోగి చెబుతున్నాడు, ఆ రోజు డ్యూటీలో ఉన్నాడా లేదా, తెలపండి. ఆ ఉత్తరం నా బల్ల మీదకే వచ్చింది. ఇంకెక్కడికి వస్తుంది? కమాండరు తనిఖీ అప్పటికి పది రోజుల్లో ఉంది. సవరణల రిజిస్టరు తెల్లగా ఉంది. ఆ తెలుపు చూసుకుని నేను మురిసిపోతున్న రోజులవి. జవాబు టైపు చేశాను. రికార్డుల ప్రకారం సదరు జవాను ఆ తేదీన సెలవులో ఉన్నాడు. కొత్తగా వచ్చిన అధికారి చదవకుండానే సంతకం పెట్టాడు. నేను పెట్టిన కాగితం ఎవరూ చదివేవారు కాదు, అంత నమ్మకం నా మీద.

మీరు అడుగుతారు, భయపడ్డావా అని. భయం కాదు. సవరణ రాసినందుకు ఎవరూ ఉరి తీయరు, ఒక మాట కూడా అనరు. పై అధికారి ఎవరైనా ఒత్తిడి పెట్టారా అంటే అదీ లేదు. నా తప్పు నా రిజిస్టరులో కనబడకూడదు, అంతే. పక్క ఆఫీసు గుమస్తా వచ్చి, నీక్కూడా సవరణ పడిందే అని ఇకిలించకూడదు. దీనికోసం ఒక మనిషి నడుము మీద అబద్ధం రాశాను. అబద్ధమని కూడా అనలేరు, రికార్డుల ప్రకారం అన్నాను కదా. ఆ రెండు మాటలు వేసుకున్నందుకు ఆ రోజు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

పది రోజులకు మెచ్చుకోలు పత్రం వచ్చింది.

మస్తాన్ తర్వాత ఏడేళ్ళు తేలిక పనుల్లో సర్వీసు లాగించాడు. ఆ తర్వాత వైద్య మండలి పరీక్ష చేసి ఇంటికి పంపేసింది. వైకల్యం ఉందని రాశారు. సెలవులో ఉండగా జరిగిన గాయం, సేవకు సంబంధం లేదు అని కూడా రాశారు. ఆ కాగితం వాడి పల్లెకు చేరేసరికి దానికి కాళ్ళూ రెక్కలూ వచ్చాయి. లీవులో తాగి బండి మీద నుంచి పడినాడంట, మిలిట్రీలో పడినానని చెప్పుకుంటాండాడు అని అరుగుల మీద మాట్లాడుకున్నారు. మస్తాన్ చుక్క ముట్టినవాడు కాదు. ఊళ్ళో ఉండలేక భార్య ఖాసింబీతో హిందూపురం వచ్చి కుట్టు మిషను పెట్టుకున్నాడు. కాలితో తొక్కలేడు, మోటారు బిగించుకున్నాడు. నడుము వెనక దిండు లేకుండా పావుగంట కూర్చోలేడు.

నేను రిటైరై వచ్చిన ఏడాదికి ఆ ఫైలు చంకలో పెట్టుకుని పెనుకొండకు వచ్చాడు. ఎదురు కుర్చీలో, ఆ పత్రం కళ్ళ ముందు కనబడేలా కూర్చున్నాడు. ఆ రోజు మేము మాట్లాడుకున్నది ఒక్క ముక్క మర్చిపోలేదు.

"దుడ్ల కోసరం కాదన్నా," అన్నాడు. "ఆ లీవు అనే మాట కొట్టేయాల. నా బిడ్డకు కూడా ఎవురో చెప్పినారు, మీ నాయన తాగి పడినాడని."

"కొట్టేయిద్దాంలే," అన్నాను.

"అన్నా, ఆ పొద్దు నువ్వే కదా ఆఫీసులో ఉండేది. కిటికీ కాడికి వచ్చినా నేను. రేపు ఆర్డరు మారుస్తాలే అన్న్యావు. గుర్తుండాదా?"

ఫైలు తిప్పుతున్నాను. తల ఎత్తలేదు.

"లేదబ్బా. రోజూ ఎంతమంది వస్తాంటారు, యాడ గుర్తుంటాది?"

"చొక్కా కూడా కిటికీకి తగిలిచ్చినా."

"కాగితంలో లీవనే ఉండాది మస్తానూ. రాసింది నేనే కదా. నేను తప్పు రాసుంటానా?"

వాడు చాలాసేపు గోడ మీద పత్రం వైపు చూశాడు. ఆ తర్వాత, తనలో తాను అనుకున్నట్టు, "నీకే గుర్తు లేదంటే, నేనే ఏమన్నా కలిపి చెప్తాండానేమో" అన్నాడు.

కాదని అనడానికి నాకు ఒక్క క్షణం చాలు. అనలేదు. పైగా, ఏమబ్బా, అప్పుడప్పుడూ అట్ల అనిపిస్తాదిలే అన్నాను. అన్నానండీ. నా నోటితోనే అన్నాను.

ఇంకొకటి చెప్పాలి. నా డైరీల సంగతి. సర్వీసు మొత్తం రోజువారీ చేయాల్సిన పనులు సొంత డైరీలో తెలుగులో రాసుకునేవాణ్ణి. పని అయిపోతే పక్కన ఎర్ర కలంతో టిక్కు పెట్టేవాణ్ణి. ఇరవై నాలుగు డైరీలు, బీరువాలో వరసగా ఉన్నాయి. ప్రతి పేజీలో, ప్రతి వరుస పక్కనా ఎర్ర టిక్కు. ఒక్క వరుసకు తప్ప. మస్తాన్ రేషను బండి దించాడు, పడ్డాడు, ఆర్డరు తేదీ మార్చాలి. ఆ వరుస పక్కన ఖాళీ. వాడు నా ఎదురుగా కూర్చుని, నేనే కలిపి చెప్తాండానేమో అంటున్నప్పుడు ఆ డైరీ వాడి కుర్చీకి నాలుగడుగుల్లో ఉంది.

అప్పీలు రాశాను. ఎంత బాగా రాశానో చెప్పాలంటే ఇప్పటికీ నాకు ఛాతీ పొంగుతుంది, ఏం చేయమంటారు? పద్నాలుగు పేజీలు. ఎత్తైన చోట చలికి నడుము ఎముకలు ఎలా అరుగుతాయో రాశాను. భర్తీ రోజున ఆరోగ్యంగా ఉన్నవాడు సర్వీసులో చెడిపోతే ఆ అనుమానం జవానుకే మేలు చేయాలని రాశాను. అన్నీ న్యాయమైన మాటలే. ఒక్క న్యాయమైన మాట మాత్రం రాయలేదు. పద్నాలుగు పేజీలు రాసిందే ఆ ఒక్క వాక్యం రాయకుండా ఉండటానికి. చదివిన ప్రతి ఒక్కరూ శభాష్ అన్నారు. అప్పీలు కొట్టేశారు.

రెండో అప్పీలు ఇంకా గట్టిగా రాశాను. దానికి నిరుడు జవాబు వచ్చింది. మస్తానే తెచ్చి నా బల్ల మీద పెట్టాడు, నువ్వే చదువన్నా అని. చదివాను. మధ్యలో ఒక చోట ఇలా ఉంది. సెలవు ఆర్డరు ఫలానా తేదీన వెలువడినది. ఆ ఆర్డరుకు నేటి వరకు ఎటువంటి సవరణ వెలువడలేదు. కావున అప్పీలుదారు డ్యూటీలో ఉన్నాడన్న వాదన నిలవదు.

నేటి వరకు ఎటువంటి సవరణ వెలువడలేదు. నా గోడ మీద ఉన్న మాటా ఇదే. ఆ పత్రంలో నన్ను పొగిడిన మాటతోనే మస్తాన్‌ను ఓడించారు. వాడికి మాత్రం, ఇంకా ట్రిబ్యునల్ ఉంది, దిగులు పడొద్దు అని చెప్పి పంపాను. అప్పుడన్నా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని అడగకండి. నన్ను నేను అడిగీ అడిగీ అలిసిపోయాను.

తర్వాత హిందూపురంలో మాజీ సైనికులు ఒక కల్యాణ మండపంలో సభ పెట్టి నాకు సన్మానం చేశారు. నేను వద్దనలేదు. ఇస్త్రీ బట్టలు వేసుకుని, మెడల్స్ పెట్టుకుని పోయాను. శాలువా కప్పారు, దండ వేశారు. ఒక్కొక్కరే మైకు ముందుకు వచ్చి మాట్లాడుతున్నారు. రామగిరి ఆయన చెవికి మిషను పెట్టుకుని వచ్చి గట్టిగా అరిచి మరీ పొగిడాడు. నేను కాళ్ళు చాపుకుని హాయిగా వింటున్నాను. అప్పుడు మస్తాన్ లేచాడు. మెట్టు ఎక్కడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది.

"ఈ అన్న కాగితంలో తప్పుండదు," అన్నాడు మైకులో. "నా కేసు ఓడిపోయిండేది ఈయన వల్ల కాదు. తప్పు నాదే. నేనే ఏందో తప్పుగా గుర్తు పెట్టుకోనుండా. ఇన్నేండ్లూ ఈ అన్నను యాతన పెట్టినా, క్షమించమని అడుగుతాండా."

అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి వాణ్ణి కావలించుకున్నాను, ఫోటో తీశారు. ఆ ఫోటో ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. అందులో నేను నవ్వుతున్నాను.

క్షమాపణ వాడు అడిగాడు. నన్ను. అక్కడితో నా పని అయిపోయింది. ఇంటికొచ్చి మంచం పట్టాను.

గర్వంగా బతికినవాణ్ణి. ఎవరి ముందూ తల వంచలేదు, ఎవరి దయ మీదా ఆధారపడలేదు. అలాంటివాణ్ణి నేను చేసిన తప్పుకు ఇంకొకడి చేత క్షమాపణ చెప్పించుకుని, దండ వేసుకుని నిలబడ్డాను. ఇంతకంటే నీచం ఏముంటుంది? విచిత్రం ఏమిటంటే, నన్ను మంచం మీద నుంచి లేపింది మంచితనం కాదు. ఆ గర్వమే లేపింది. నేను తప్పు లేని కాగితం రాసేవాణ్ణా, కాదా? అవునంటే, ఇంకా సరిచేయని ఒక తప్పు నా పేరు మీద ఉంది. దాన్ని ఇంకొకరు పట్టుకునే లోపల నేనే సరిచేయాలి. నా బుద్ధి అంతే, అటు తిప్పినా ఇటు తిప్పినా గర్వం దగ్గరికే వస్తుంది. ఈసారికి అది సరైన వైపు తిరిగింది.

ట్రిబ్యునల్‌లో వేయడానికి అఫిడవిట్ రాశాను. ఒక పేజీ కూడా పట్టలేదు. నేను ఆ దళం గుమస్తాని. ఆ సెలవు ఆర్డరు ముందు రోజే నేను రాశాను. ఆ రోజు లారీ కదలలేదు. మస్తాన్ పై అధికారి ఆదేశం మీద రేషను బండి దించుతూ నా కళ్ళ ముందు పడ్డాడు. సవరణ రాస్తానని చెప్పి, కావాలనే రాయలేదు. ఆస్పత్రికి తప్పు జవాబు టైపు చేసింది కూడా నేనే. కింద నా పూర్తి పేరు, నంబరు, సంతకం. పెనుకొండలో నోటరీ చేయిస్తుంటే ఆయన చదివి కళ్ళద్దాల మీదుగా నా వైపు చూశాడు. ఇది వేస్తే మీ మీదకు రావచ్చేమో సార్ అన్నాడు. రానీండి, ముద్ర వేయండి అన్నాను.

ఆ కాగితం, బీరువాలోంచి ఆ డైరీ తీసుకుని హిందూపురం బస్సెక్కాను. మస్తాన్ కొట్లో పాఠశాల యూనిఫారాలు కుడుతున్నాడు. ఖాసింబీ పక్కనే కూర్చుని గుండీలు వేస్తోంది. నన్ను చూసి లేవబోయాడు, లేవలేకపోయాడు. ఏమన్నా, ఇట్ల వచ్చినావు, చెప్పి పంపితే నేనే వస్తాను కదా అన్నాడు. రెండూ మిషను బల్ల మీద పెట్టాను.

మోటారు ఆపాడు. అఫిడవిట్ చదివాడు. డైరీలో నేను అట్ట ముక్క పెట్టిన పేజీ తీసి ఆ వరుస చదివాడు. మళ్ళీ చదివాడు. వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం చదివాడు. నేను కొట్టినా పడదామని, తిట్టినా పడదామని నిలబడ్డాను. వాడు నా వైపు చూడనే లేదు. ఖాసింబీ వైపు తిరిగాడు.

"చూడు," అన్నాడు. "నాకు గుర్తుండేది నిజమే. నేను కలిపి చెప్పలేదు. నేను రేషను బండి మింద నుంచే పడినా."

ఆమె చేతిలో చొక్కా కింద పెట్టి, మొగుడి వీపు మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది. కాసేపటికి నా వైపు చూసింది. ఆ చూపు గురించి మీకు రాయలేను, రాయకూడదు కూడా.

వాడి ముఖంలో నాకు కోపం కనిపించలేదు. ఎప్పుడో పోయిన వస్తువు ఇంట్లోనే దొరికితే ఎలా ఉంటుందో, అలా ఉంది వాడి ముఖం. నేను దొంగిలించింది పెన్షను అనుకున్నాను ఇన్నాళ్ళూ. వాడి జ్ఞాపకాన్నే ఎత్తుకుపోయానని అప్పుడు అర్థమైంది. పదకొండేళ్ళు ఆ మనిషి తన కళ్ళతో చూసిన దాన్ని తానే నమ్మకుండా బతికాడు, నన్ను నమ్మి.

చేతులు ఊరికే ఉండవు కదా. అలవాటు. పని అయిపోయిందని నా చెయ్యి జేబులోంచి ఎర్ర కలం తీసింది. నాకు తెలియకుండానే డైరీ మీదకు వంగి ఆ వరుస పక్కన టిక్కు పెట్టబోయాను.

మస్తాన్ ఆ ఖాళీ మీద అరచెయ్యి పెట్టాడు.

"పెట్టొద్దన్నా," అన్నాడు. "అది అట్లే ఉండనీ."

డైరీ మూసి, అఫిడవిట్ దాని లోపల పెట్టి, తన దిండు పక్కన పెట్టుకున్నాడు. ట్రిబ్యునల్ కాగితాలు ఈ తూరి వకీలు చేత రాయిస్తానని చెప్పాడు. కూర్చోమనలేదు. కాఫీ తాగుతావా అని అడగలేదు. మోటారు మళ్ళీ వేశాడు. నేను కొంతసేపు నిలబడి, బస్టాండుకు నడిచాను.

కేసు ఇంకా నడుస్తోంది. ఏమవుతుందో నాకు తెలియదు, నాకు చెప్పేవాళ్ళు కూడా లేరు. గోడ మీద పత్రం దించేశాను. అక్కడ సున్నం మాసిపోని తెల్లటి చదరం మిగిలింది, వచ్చినవాళ్ళు అదేమిటని అడుగుతారు. అడిగినవాళ్ళకల్లా చెబుతున్నాను. కొందరు మళ్ళీ రావడం లేదు. వచ్చేవాళ్ళకు ఎప్పటిలాగే రాస్తున్నాను, బాగానే రాస్తున్నాను. మస్తాన్ నన్ను క్షమించలేదు. క్షమించమని నేనూ అడగలేదు. అడిగే ముఖం నాకు లేదు. కానీ పంతొమ్మిదేళ్ళ తర్వాత ఇప్పుడు ఆ తేదీని నోరారా చెప్పగలుగుతున్నాను. అది చెప్పిన ప్రతిసారీ ఛాతీ మీద నుంచి ఏదో కొంచెం కొంచెం దిగుతోంది.

అందుకే మీకు కూడా చెబుతున్నాను. ఆ రోజు మస్తాన్ సెలవులో లేడు. డ్యూటీలో ఉన్నాడు. నా సర్వీసు మొత్తంలో నేను రాసిన సవరణ ఇదొక్కటే. రెండుసార్లు సరిచూసుకున్నాను, తప్పు లేదు.